విద్యార్థులే నడిపే రీసెర్చ్ కాన్ఫరెన్స్: ముందు ప్రశ్నలు అడిగేవాళ్లను వెతుక్కోండి

ప్రశ్న: "నేను బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది జిల్లా కేంద్రంలో ఉన్న డిగ్రీ కాలేజీ. డిగ్రీ విద్యార్థులు చేసిన ప్రాజెక్టులతో ఒక రోజు రీసెర్చ్ కాన్ఫరెన్స్ పెడదామనుకుంటున్నాం. ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు, కానీ పనంతా మీరే చూసుకోవాలన్నారు. ఇప్పుడు ఆగస్టు, ఫిబ్రవరిలో చేయాలని ఆలోచన. ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి? రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత పెట్టాలి? పేపర్లు ఎలా ఎంపిక చేయాలి? పేపర్లన్నీ కలిపి ప్రొసీడింగ్స్ పుస్తకం వేయాలా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. చదువుకునే రోజుల్లో ఒక సదస్సులో వాలంటీర్‌గా పనిచేశాను. ఉద్యోగంలో చేరాక విద్యార్థులు నడిపిన ఆరు సదస్సులకు వాళ్ల వెంట ఉన్నాను. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను కానీ మీరు అడిగిన వరుసలో కాదు. ముఖ్య అతిథి సంగతి చివరికి వదిలేయండి. ఈ వారం మీరు రాయాల్సిన మొదటి జాబితా వేరే ఉంది. వచ్చిన ప్రతి పనినీ శ్రద్ధగా చదివి, దాని మీద ఒక మంచి ప్రశ్న అడగగలిగినవాళ్ల పేర్లు రాయండి.

ఎందుకంటే మన కాలేజీల్లో పేపర్ ప్రజెంటేషన్ పోటీలకు కొదవ లేదు. ప్రతి టెక్ ఫెస్ట్‌లోనూ ఉంటాయి. కుర్రాళ్లు వచ్చి పది స్లైడ్లు చూపిస్తారు, జడ్జీలు మార్కులు వేస్తారు, సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తారు. ఆ స్లైడ్లలో ఉన్నదాన్ని ఎవరూ తరచి అడగరు. చెప్పిన విద్యార్థి ఏ కొత్త ఆలోచనా లేకుండా ఇంటికి వెళ్తాడు. కాన్ఫరెన్స్ అంటే అది కాదు. ఇరవై ఏళ్ల విద్యార్థి ఆరు నెలలు ఒక పని చేసి, దాన్ని తెలిసినవాళ్ల ముందు పెట్టి, "ఇక్కడ ఇలా ఎందుకు చేశావు?" అన్న ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పే చోటు అది. అవధానం చూసినవాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. పృచ్ఛకులు గట్టివాళ్లు కాకపోతే అవధాని ప్రతిభ బయటపడదు.

అమెరికాలో డిగ్రీ విద్యార్థుల కోసం జాతీయ స్థాయి పరిశోధన సదస్సు 1987లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం యాష్‌విల్ క్యాంపస్‌లో మొదలైంది. బ్రిటన్‌లో అలాంటిదే 2011లో మొదలుపెట్టారు. మనకు ఇప్పుడిప్పుడే ఆ అవసరం గట్టిగా కనిపిస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ చట్రంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్స్ చేయవచ్చు. అందులో పరిశోధన ప్రాజెక్టుకే 12 క్రెడిట్లు. అంటే ఇకముందు డిగ్రీ స్థాయిలోనే పరిశోధన చేసే పిల్లలు మన దగ్గర పెరుగుతారు. వాళ్లు తమ పని చెప్పుకోవడానికి ఒక వేదిక కావాలి. మీరు తలపెట్టిన పని చిన్నదేమీ కాదు.

"మా కాలేజీలో పరిశోధన ఎవరు చేస్తారు, పేపర్లు వస్తాయా?" అన్న భయం మీకు ఉండే ఉంటుంది. వస్తాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తారు. ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి రిపోర్టు రాస్తారు. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస పేరుతో స్టడీ ప్రాజెక్టులు జరుగుతాయి. వీటిలో చాలావరకు బైండింగ్ చేయించి అల్మరాలో పెట్టేస్తారు. ఆ అల్మరా తెరవండి. మా మొదటి సదస్సులో అన్నిటికంటే మంచి చర్చ జరిగింది అలాంటి ఒక రిపోర్టు మీదే. ఒక మండలంలో బోర్ల లోతు పదేళ్లలో ఎలా మారిందో రైతుల్ని అడిగి రాసుకొచ్చిన పని అది. కాబట్టి విషయాన్ని సైన్సుకే పరిమితం చేయకండి. చరిత్ర, కామర్స్, తెలుగు విద్యార్థులను కూడా పిలవండి. మీ ఊరి పాత శాసనం మీద, సంతలో ధరల మీద, ఒక వృత్తివాళ్లు వాడే మాటల మీద పనిచేసినవాళ్లు మీ పక్క క్లాసులోనే ఉండవచ్చు.

ఇప్పుడు తేదీ. ఫిబ్రవరి అన్నారు. ప్రిన్సిపల్ గారి దగ్గరికి కాకుండా ముందు మీ కాలేజీ ఎగ్జామినేషన్ సెక్షన్‌కు వెళ్లండి. ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ జరుగుతాయి, ఆ వెంటనే పబ్లిక్ పరీక్షలు. మీ ప్రాంగణం వాటికి సెంటర్ అయితే గదులు దొరకవు, మీ అధ్యాపకులు డ్యూటీల మీద వెళ్లిపోతారు. మీ యూనివర్సిటీ మిడ్ పరీక్షలు, ప్రాక్టికల్స్ ఎప్పుడో కూడా అక్కడే తెలుస్తుంది. చాలామంది ఫిబ్రవరి 28 ఎంచుకుంటారు. రామన్ ఎఫెక్ట్ ప్రకటించిన రోజు కాబట్టి అది జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజు పేరు మీద కాలేజీలో కొంత డబ్బు, అనుమతులు తేలిగ్గా దొరుకుతాయన్నది నిజమే. కానీ అదే రోజు ప్రతి కాలేజీలోనూ కార్యక్రమం ఉంటుంది. మీకు బయటి నుంచి రావాల్సినవాళ్లు ఎవరూ రాలేరు. నన్నడిగితే సంక్రాంతి సెలవులు అయ్యాక, జనవరి చివరి వారంలో ఒక శనివారం మంచిది. సెలవుల్లో పిల్లలకు పోస్టర్ తయారుచేసుకోవడానికి తీరిక కూడా దొరుకుతుంది.

జట్టు గురించి ఎక్కువ చెప్పను. ఐదుగురు చాలు: రివ్యూలు, అంటే వచ్చిన పనులను చదివించి అభిప్రాయాలు రాయించడం చూసేవాళ్లు ఒకరు, ఆ రోజు కార్యక్రమం ఒకరు, డబ్బు ఒకరు, బయటి కాలేజీలతో ఉత్తరాలు ఒకరు, అందరినీ కలుపుకుని వెళ్లే సమన్వయకర్త ఒకరు. ప్రతి ఒక్కరి పక్కన ఒక రెండో సంవత్సరం విద్యార్థి తప్పకుండా ఉండాలి. అధ్యాపకుల్లో ఒకరిని కన్వీనర్‌గా అడగండి. సంతకాలు, గదులు, బిల్లుల దగ్గర ఆయన లేకుండా ఏ పనీ కదలదు. అయితే నిర్ణయాలు మీ చేతుల్లోనే ఉంచుకోండి. ప్రిన్సిపల్ గారు "మీరే చూసుకోండి" అనడం మీకు దొరికిన అవకాశం.

రివ్యూల దగ్గరికి వద్దాం. సదస్సు మంచి చెడ్డలు తేలేది ఇక్కడే.

పూర్తి పేపర్ అడగకండి. డిగ్రీ విద్యార్థిని పది పేజీల పేపర్ పంపమంటే సగం మంది భయపడి మానేస్తారు, మిగతావాళ్లలో చాలామంది ఎక్కడి నుంచో తెచ్చి అతికిస్తారు. 250 నుంచి 300 పదాల అబ్‌స్ట్రాక్ట్, అంటే పని సారాంశం అడగండి. ఫారంలో నాలుగు ప్రశ్నలు విడివిడిగా పెట్టండి: నువ్వు తెలుసుకోవాలనుకున్నది ఏమిటి? ఎలా చేశావు? ఇప్పటిదాకా ఏం తేలింది? ఇంకా తేలనిది ఏమిటి? నాలుగో ప్రశ్న నాకు చాలా ఇష్టం. పని నిజంగా చేసినవాళ్లు అక్కడ ఐదారు వాక్యాలు రాస్తారు. చేయనివాళ్లకు అక్కడ రాయడానికి ఏమీ దొరకదు.

లెక్క వేసుకోండి. 60 అబ్‌స్ట్రాక్టులు వస్తాయనుకుందాం. ఒక్కొక్కటి ఇద్దరు చదవాలి. అంటే 120 రివ్యూలు. ఒక్కరికి నాలుగు కంటే ఎక్కువ ఇస్తే శ్రద్ధ తగ్గుతుంది. అంటే మీకు 30 మంది రివ్యూయర్లు కావాలి. ముప్పై మందా అని కంగారుపడకండి. దగ్గర్లోని యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఈ పని సంతోషంగా చేస్తారు. వాళ్లకు అనుభవం వస్తుంది, మీరు ఒక ధన్యవాద పత్రం ఇస్తే చాలు. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా, నాగార్జున, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర... మీకు ఏది దగ్గరైతే అక్కడి డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి. మీ కాలేజీలో చదివి ఇప్పుడు అమెరికాలోనో జర్మనీలోనో ఎంఎస్, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లను వెతకండి. వాళ్లలో చాలామంది తమ పాత కాలేజీ నుంచి మెయిల్ వస్తే కదిలిపోతారు. మన సాయంత్రం ఏడు గంటలకు చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిదిన్నర, కాబట్టి వీడియో కాల్ పెట్టుకోవడమూ కష్టం కాదు. ప్రతి అబ్‌స్ట్రాక్టుకూ ఇలాంటివాళ్లు ఒకరు, మీ మూడో సంవత్సరం విద్యార్థి ఒకరు అని జత చేయండి. ఇతరుల పని చదివి అభిప్రాయం రాయడం నేర్చుకోవడం కూడా పరిశోధన నేర్చుకోవడంలో భాగమే. అబ్‌స్ట్రాక్టు రాసినవాళ్ల పేరు, కాలేజీ పేరు తీసేసి రివ్యూయర్లకు పంపండి. ఊరి పేరు, కులం తెలిసే ఇంటిపేరు, మాస్టారి పేరు, ఇవేవీ తీర్పును తాకకూడదు.

ఫారం కోసం డబ్బు పెట్టక్కర్లేదు. వందలోపు అబ్‌స్ట్రాక్టులకు గూగుల్ ఫారం, ఒక షీట్ సరిపోతాయి. ఈజీచైర్, మైక్రోసాఫ్ట్ సీఎంటీ లాంటి సాఫ్ట్‌వేర్లు కాన్ఫరెన్సుల కోసమే ఉన్నాయి కానీ మొదటిసారికి అవి నేర్చుకోవడానికే నెల పోతుంది.

రివ్యూయర్‌కు మార్కుల పట్టిక ఒక్కటే ఇస్తే వాళ్లు అంకెలు వేసి ఊరుకుంటారు. మూడు వాక్యాలు తప్పనిసరి చేయండి: ఈ పనిలో నాకు నచ్చింది, నాకు అర్థం కానిది, నేను ఈ విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే అడిగే ఒక ప్రశ్న. ఆ మూడూ విద్యార్థికి చేరాలి, ఎంపికైనా కాకపోయినా. ఎంపిక కానివాళ్లకు "క్షమించాలి" అని ఒక్క ముక్క మెయిల్ పంపి వదిలేయవద్దు. మేం రెండో సదస్సు నుంచి "సరిదిద్ది రెండు వారాల్లో మళ్లీ పంపండి" అనే దారి పెట్టాం. ఆ ఏడాది అలా 14 తిరిగొచ్చాయి. వాటిలో 11 తీసుకున్నాం. అందులో ఒక అమ్మాయి తర్వాత ఎమ్మెస్సీలో అదే పనిని కొనసాగించింది.

కాపీ సంగతి. మీ లైబ్రేరియన్ దగ్గర పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ ఉందేమో అడగండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, ఆ పైన 40, 60 దగ్గర మెట్లు ఉన్నాయి. కానీ ఆ శాతాన్ని పట్టుకుని తీర్పు చెప్పకండి. 300 పదాల్లో పద్ధతి వివరించే రెండు వాక్యాలు ఎవరు రాసినా ఒకేలా వస్తాయి. ఈ రోజుల్లో అసలు ఇబ్బంది వేరే. చాట్‌జీపీటీతో రాయించిన అబ్‌స్ట్రాక్టులో పోలిక పెద్దగా కనిపించదు, భాష నున్నగా ఉంటుంది, చెప్పిన రిఫరెన్సు మాత్రం ఒక్కోసారి ప్రపంచంలో ఎక్కడా ఉండదు. అందుకని ప్రతి అబ్‌స్ట్రాక్టులో రెండు రిఫరెన్సులు ఎంచుకుని అవి నిజంగా ఉన్నాయో లేదో ఒక జూనియర్ చేత వెతికించండి. పది నిమిషాల పని. భాష దిద్దుకోవడానికి చాట్‌జీపీటీని వాడుకుంటే తప్పు లేదని, వాడిన సంగతి ఒక వాక్యంలో చెప్పాలని ఫారంలోనే రాసేయండి.

ఇంకొకటి, దీన్ని చాలామంది మరిచిపోతారు. సర్వేలు చేసినవాళ్లు అడిగినవాళ్ల అనుమతి తీసుకున్నారా? ఒకసారి ఒక స్లైడ్ మీద నలభై మంది మహిళల పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్ల అప్పుల వివరాలు తెర నిండా కనిపించాయి. హాల్లో ఆ ఊరివాళ్లు కూడా ఉన్నారు. ఆ విద్యార్థికి చెడు ఉద్దేశం లేదు, ఎవరూ చెప్పలేదు అంతే. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఫారంలో ఒక గడి పెట్టాం: మనుషుల నుంచి సమాచారం తీసుకున్నారా, అయితే వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకున్నారా, పేర్లు తీసేశారా, పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి ఉందా. స్లైడ్లు, పోస్టర్లు మూడు రోజుల ముందే తెప్పించుకుని ఒకరు ఈ కంటితోనే చూడాలి.

60లో 40 తీసుకున్నారనుకోండి. నలభై మందినీ వేదిక ఎక్కించాలని చూడకండి. 12 మందిని మాట్లాడనివ్వండి, 28 మందికి పోస్టర్లు ఇవ్వండి, అంటే తమ పనిని ఒక పెద్ద షీటు మీద వేసి, దాని పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెప్పడం. పోస్టర్ అంటే రెండో తరగతి అన్న భావన మన దగ్గర ఉంది. అది తప్పని ముందే చెప్పండి. నా అనుభవంలో మంచి సంభాషణలు జరిగేవి పోస్టర్ల దగ్గరే. మైకు ఉండదు, భయం ఉండదు, ఎదురుగా ఒకరిద్దరు మనుషులు ఉంటారు.

మాట్లాడేవాళ్లకు 12 నిమిషాలు, ప్రశ్నలకు 5, మారడానికి 3, మొత్తం 20. ఒక సెషన్‌కు నలుగురు, అంటే 80 నిమిషాలు. అలా మూడు సెషన్లు. ఒకేసారి రెండు హాళ్లలో నడపాలని చాలామంది అంటారు, పెద్ద సదస్సులా కనిపిస్తుందని. అలా చేస్తే ఒక్కో హాల్లో మాట్లాడేవాళ్ల స్నేహితులు తప్ప ఎవరూ మిగలరు. మొదటిసారి ఒకే హాలు, అందరూ అన్నీ వినేలా పెట్టుకోండి.

ప్రతి ప్రసంగానికీ ముందే ఒక ప్రశ్నకర్తను నియమించండి. ఆ విద్యార్థి ఒక వారం ముందు అబ్‌స్ట్రాక్టు చదివి, రెండు ప్రశ్నలు రాసుకుని రావాలి. ప్రసంగం అవగానే ఆ సెషన్ నడిపే చైర్ మొదటి అవకాశం ఆ విద్యార్థికి ఇస్తారు. తర్వాత హాల్లోని విద్యార్థులకు, చివరగా అధ్యాపకులకు. వరుస తిరగబడితే అధ్యాపకుల ప్రశ్నే ఉపన్యాసం అవుతుంది, ఐదు నిమిషాలూ అయిపోతాయి. ఈ వరుసను చైర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటతో సరిపెట్టకండి. మా దగ్గర ఈ పద్ధతి పెట్టిన మొదటి ఏడాది ఒక్కో ప్రసంగానికి నలుగురైదుగురు చేతులెత్తారు. అంతకుముందు "ఎనీ క్వశ్చన్స్?" అనగానే హాలు నిశ్శబ్దంగా ఉండేది. మన పిల్లలకు ప్రశ్నలు లేక కాదు, మొదటి ప్రశ్న అడగడానికి జంకు. ఆ మొదటి ప్రశ్న ముందే సిద్ధం చేసి పెడితే మిగతావి వాటంతట అవే వస్తాయి.

భాష విషయంలో నా మాట వినండి: తెలుగులో చెప్పవచ్చని ఆహ్వానంలోనే పెద్ద అక్షరాలతో వేయండి. ఇందాక చెప్పిన బోర్ల రిపోర్టు చేసిన అమ్మాయి ఇంగ్లీషులో స్లైడ్లు చదివింది. పన్నెండు నిమిషాలూ తల ఎత్తలేదు. ప్రశ్నల సమయంలో ఒక పీహెచ్‌డీ విద్యార్థి తెలుగులో అడిగాడు, "రైతు చెప్పిన లోతు నిజమేనని ఎలా నమ్మావమ్మా?" అని. ఆమె చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది. బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులు తవ్వారో బిల్లు అడిగి చూశానని, బిల్లు లేనివాళ్ల దగ్గర మోటారు ఎన్ని పైపుల కింద దింపారో లెక్కపెట్టించానని, ఇద్దరు రైతులు గొప్పకు ఎక్కువ చెబితే పక్క పొలంవాళ్లు సరిదిద్దారని గడగడా చెప్పింది. ఐదు నిమిషాలు పదిహేనయ్యాయి, చైర్ ఆపలేదు. ఆమె పద్ధతి అంత పకడ్బందీగా ఉందని స్లైడ్లు చూసి ఎవరికీ తెలియలేదు. స్లైడ్లు ఇంగ్లీషులో ఉంచుకుని మాట తెలుగులో చెప్పినా పర్వాలేదు, అటూ ఇటూ కలిపినా పర్వాలేదు. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు ఉంటే పక్కన కూర్చుని చెప్పడానికి ఒక వాలంటీర్ చాలు.

పోస్టర్లకు ఏ1 సైజు చాలు, 594 మిల్లీమీటర్లు వెడల్పు, 841 ఎత్తు. ఏ0 అంటే దానికి రెట్టింపు, ఖర్చూ రెట్టింపు. ఫ్లెక్స్ షాపులో చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు. ఒక ఏ1 ఐదున్నర చదరపు అడుగులు రాదు. 28 పోస్టర్లూ మీరే ఒకేసారి ప్రింట్ చేయించండి. రేటు తగ్గుతుంది, దూరం నుంచి వచ్చేవాళ్లకు మోసుకొచ్చే బాధ తప్పుతుంది, డబ్బు లేక ఆగిపోయేవాళ్లు ఉండరు. స్టాండ్లు అద్దెకు తీసుకోవద్దు. వరండా స్తంభాల మధ్య తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించండి. గోడకు టేప్ వేస్తే రంగు ఊడుతుంది, వచ్చే ఏడాది అనుమతి దొరకదు. బేసి సంఖ్య పోస్టర్లవాళ్లు మొదటి 45 నిమిషాలు తమ పోస్టర్ దగ్గర నిలబడాలి, సరి సంఖ్యవాళ్లు తర్వాతి 45. అప్పుడే వాళ్లు కూడా ఒకరి పని ఒకరు చూడగలుగుతారు.

ఇక ముఖ్య అతిథి. మా మొదటి సదస్సులో పది గంటలకు మొదలవ్వాల్సిన ప్రారంభ సభ పదకొండు ముప్పావుకు ముగిసింది. ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద తొమ్మిది మంది, తొమ్మిది ప్రసంగాలు, తొమ్మిది శాలువాలు. ఆ ఆలస్యమంతా పిల్లల సమయంలో కోశారు. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చిన ఒక అబ్బాయికి చివరికి నాలుగు నిమిషాలు దొరికాయి. స్లైడ్లు సగంలో ఉండగా గంట కొట్టారు. ఆ అబ్బాయి ఏమీ అనకుండా పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లి వెనక కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ ముఖం నాకు గుర్తుంది. అందుకే చెబుతున్నాను, ప్రారంభ సభ అరగంట. జ్యోతి వెలిగించండి, ప్రిన్సిపల్ గారు ఐదు నిమిషాలు మాట్లాడతారు, వెంటనే మొదటి సెషన్. సన్మానాలు, మొమెంటోలు సాయంత్రం సభలో పెట్టండి. పెద్దలు నొచ్చుకుంటారని భయపడకండి. కన్వీనర్ గారు పది రోజుల ముందే వెళ్లి విషయం చెబితే ఎవరూ కాదనరు.

అతిథిగా పదవి ఉన్నవాళ్ల కంటే ఇప్పటికీ పరిశోధన చేస్తున్నవాళ్లను పిలవండి. వాళ్లను రెండు కోరండి: తమ పరిశోధనలో ఫలించని ఒక ప్రయత్నం గురించి అరగంట చెప్పమని, పోస్టర్ల సెషన్ అయ్యేదాకా ఉండమని. రెండోదానికి ఒప్పుకోనివాళ్లను పిలవకండి.

బహుమతుల గురించి మీరు అడగలేదు కానీ తప్పకుండా ఎవరో ఒకరు తెస్తారు. మొదటి, రెండో, మూడో బహుమతులు పెడితే రోజంతా పోటీ అయిపోతుంది. జడ్జీల ముందు తప్పు ఒప్పుకోవడానికి ఎవరూ సిద్ధపడరు. "అది నాకు తెలియదు, చూస్తాను" అనగలిగే వాతావరణమే పోతుంది. ఏదో ఒకటి ఇవ్వాల్సిందేనని కాలేజీ పట్టుబడితే, ఆ రోజు అడిగిన మంచి ప్రశ్నలకు మూడు పుస్తకాలు ఇవ్వండి.

డబ్బు. 150 మంది వస్తారనుకుంటే భోజనం, రెండుసార్లు టీ, పోస్టర్ల ప్రింటింగ్, అతిథి ప్రయాణం. ఈ నాలుగే అసలు ఖర్చులు. భోజనం తలకు 150 రూపాయలైతే 22,500. బ్యాగులు, ఫైళ్లు, పెన్నులు, రంగుల బ్రోచర్ ఏవీ వద్దు. ప్రజెంట్ చేసే విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోవద్దు. కాలేజీ కొంత, పూర్వ విద్యార్థులు కొంత ఇస్తే సరిపోతుంది. చూడటానికి వచ్చే బయటి విద్యార్థుల దగ్గర భోజనానికి వంద తీసుకోవచ్చు. ఏ రూపాయైనా కాలేజీ ఖాతాలోకే రావాలి. మీలో ఒకరి ఫోన్‌పే నంబర్ పోస్టర్ మీద వేయడం తేలికే కానీ, ఆ తర్వాత లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మాట వస్తుంది. ప్రతి ఖర్చుకూ బిల్లు, బిల్లు వెనక ఇద్దరి సంతకాలు.

బయటి కాలేజీలకు రాసే ఉత్తరంలో తేదీ, సమయం, ఆన్ డ్యూటీ అటెండెన్స్ ఇవ్వమన్న విన్నపం, ముగిసే సమయం స్పష్టంగా ఉండాలి. ముగిసే సమయం నాలుగు దాటకూడదు. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు చివరి బస్సు ఎప్పుడో ముందు కనుక్కుని దాన్నిబట్టి వెనక్కి లెక్క వేయండి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ప్రయాణ ఖర్చు అడ్డం కాదు, ఇంట్లో అనుమతే అడ్డం. తల్లిదండ్రులకు చూపించుకోవడానికి తెలుగులో, ప్రిన్సిపల్ గారి సంతకంతో, ఫోన్ చేయడానికి ఒక లేడీ లెక్చరర్ నంబర్‌తో ఒక ఉత్తరం విడిగా పంపండి. ఆ ఒక్క కాగితం వల్ల వచ్చేవాళ్ల సంఖ్య మా దగ్గర బాగా పెరిగింది.

ప్రొసీడింగ్స్ గురించి గట్టిగా చెప్పాలి. మీ సదస్సు పోస్టర్ బయటికి వెళ్లిన వారంలోనే "మేం మీ పేపర్లన్నీ స్కోపస్ ఇండెక్స్ జర్నల్లో (స్కోపస్ అనే జర్నళ్ల జాబితాలో ఉన్నదాంట్లో) వేస్తాం, పేపర్‌కు ఇంత" అని మెయిళ్లు, ఫోన్లు వస్తాయి. ఒక్కదానికీ జవాబివ్వకండి. పిల్లల దగ్గర వేలు వసూలు చేసి, ఎవరూ చదవని చోట పడేస్తారు. ఫలానా జాబితాలో ఉంది కాబట్టి మంచి జర్నలే అనే ధీమా కూడా ఇప్పుడు లేదు. యూజీసీ నమ్మదగ్గ జర్నళ్లతో ఇచ్చిన తన కేర్ జాబితాను 2025లో ఆపేసింది, ఏ జర్నల్ మంచిదో ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే. ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకం వేద్దామని మీ లెక్చరర్లలో ఎవరైనా అనవచ్చు. ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. కానీ అది పుస్తకానికి గుర్తింపు సంఖ్య మాత్రమే, లోపల ఉన్నది మంచిదని చెప్పే ముద్ర కాదు.

పూర్తి పేపర్లు వేయకపోవడానికి ఇంకో గట్టి కారణం ఉంది. ఆ పని నిజంగా మంచిదైతే, రేపు ఆ విద్యార్థి దాన్ని జర్నల్‌కు పంపాలనుకున్నప్పుడు "ఇది ముందే అచ్చయింది" అని తిప్పి పంపవచ్చు. అందుకని సరిదిద్దిన అబ్‌స్ట్రాక్టులను మాత్రం ఒక పుస్తకంగా కూర్చి పీడీఎఫ్ చేయండి. దాన్ని జెనోడోలో పెట్టండి. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ నడిపే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం అది. అప్‌లోడ్ చేయగానే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. ఆ లింకు పదేళ్ల తర్వాత కూడా పనిచేస్తుంది, పిల్లలు తమ రెజ్యూమెలో పెట్టుకోవచ్చు. పేరు వేయడానికి ఇష్టపడనివాళ్లు ఉంటే వాళ్లది వదిలేయండి.

సదస్సు అయిన రోజు రాత్రి అలసిపోయి ఉంటారు. అయినా మర్నాడు ఉదయం ఐదుగురూ, వాళ్ల పక్కన ఉన్న ఐదుగురు జూనియర్లూ గంట కూర్చోండి. ఎవరికి ఎక్కడ ఆలస్యమైంది, ఏ లెక్చరర్ సాయం చేశారు, భోజనం ఎన్ని ప్లేట్లు మిగిలింది, ప్రొజెక్టర్ కేబుల్ ఏ గదిలోది సరిపోయింది, అన్నీ ఒక డాక్యుమెంట్లో రాయండి. ఉత్తరాల నమూనాలు, రివ్యూయర్ల మెయిల్ జాబితా, బిల్లుల కాపీలు అందులోనే పెట్టండి. ఆ ఫైల్ మీ సొంత జీమెయిల్‌లో కాకుండా కాలేజీ పేరున తెరిచిన ఖాతాలో ఉండాలి. మేలో మీరు వెళ్లిపోతారు. మా రెండో సదస్సు ఫైలంతా ఒక సీనియర్ సొంత ఖాతాలో ఉండిపోయి, పాస్‌వర్డ్ దొరక్క మూడోది మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

ఈ వారంలో చేయాల్సినవి రెండే. ఎగ్జామినేషన్ సెక్షన్‌లో తేదీలు రాసుకోండి, ముప్పై మంది రివ్యూయర్ల జాబితా మొదలుపెట్టండి. వృక్షశాస్త్రం, వ్యవసాయం వైపు అబ్‌స్ట్రాక్టులు వస్తే నాలుగు నాకు పంపండి, చదివి రాస్తాను.